తోదాయ్‌జి మహాబుద్ధుడి ఆలయం: ఏది ఏ కాలానిదో గుర్తుపడుతూ చూడటం ఎలా?

జపాన్‌లోని నారా నగరానికి వెళ్లినవాళ్లలో చాలామంది జింకలకు బిస్కెట్లు పెట్టి, మహాబుద్ధుడి ముందు ఫొటో దిగి, గంటన్నరలో మళ్లీ స్టేషనుకు చేరిపోతారు. దాదాపు 1,300 ఏళ్ల నాటి గుడి చూశామనుకుంటారు. నిజానికి వాళ్లు అడుగుపెట్టిన హాలు 1709 నాటిది. దాటిన పెద్ద ద్వారం 1199 నాటిది. బుద్ధుడి తల 17వ శతాబ్దం చివరిది. ఆ విగ్రహం కూర్చున్న పద్మం రేకుల్లో కొన్ని మాత్రం మొదటి నాటివి. రెండుసార్లు తగలబడి, రెండుసార్లూ ఊరూరా పోగుచేసిన చందాలతో లేచి నిలబడ్డ గుడి ఇది. ఏ ముక్క ఏ కాలానిదో పోల్చుకుంటూ నడిస్తేనే దాని కథ కళ్లకు కడుతుంది. అందుకు ఒక పూట చాలు. ముందు రోజు రాత్రి అరగంట చదువు మాత్రం తప్పదు.

ముందు రోజు రాత్రి: నాలుగు సంవత్సరాలు నోటికి రావాలి

752, 1180, 1567, 1709. వీటిని చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి.

735 నుంచి 737 వరకు మశూచి జపాన్‌ను ఊడ్చేసింది. పంటలు పోయాయి, 740లో తిరుగుబాటు లేచింది. అప్పటి చక్రవర్తి షోము 743లో మహాబుద్ధుడి విగ్రహం పోతపోయించాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఎవరైనా ఒక గడ్డిపోచ, గుప్పెడు మట్టి తెచ్చి సాయపడతానన్నా కాదనవద్దని అందులోనే రాయించాడు. జనం దగ్గరికి వెళ్లి చందాలు, చాకిరీ కూడగట్టే పని గ్యోకి అనే భిక్షువు మీద పడింది. అంతకుముందు ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది ఇదే గ్యోకి మీద.

747లో మొదలుపెట్టి, కింది నుంచి పైకి ఎనిమిది దఫాలుగా కంచు పోశారు. 749 నాటికి ఆకారం నిలబడింది. పూతకు బంగారం చాలదని దిగులుపడుతుండగా అదే ఏడాది ఉత్తరాన ముత్సు ప్రాంతంలో బంగారం దొరికింది. 752లో నేత్రోన్మీలనం జరిగింది. బుద్ధుడి కళ్లు దిద్దే కుంచె పట్టింది మన దేశపు భిక్షువు బోధిసేనుడు. దక్షిణ భారతం నుంచి చైనా మీదుగా 736లో జపాన్ చేరినవాడు. షోముకు ఒంట్లో బాగుండకపోవడంతో ఆయన తరఫున ఈ పని చేశాడు. ఆ కుంచెకు దాదాపు 200 మీటర్ల పట్టుతాడు కట్టి, దాని కొసను షోము, పరివారం పట్టుకున్నారు. కళ్లు తెరిపించిన పుణ్యం అందరికీ అందాలని అలా చేశారు. ఆ తాడు ఇప్పటికీ భద్రంగా ఉంది.

తర్వాతి మూడు సంవత్సరాలు గుర్తుంచుకోవడం తేలిక. 1180లో తైరా వంశపు సైన్యం నారా మీద పడినప్పుడు హాలు కాలిపోయింది, చోగెన్ అనే భిక్షువు మళ్లీ కట్టించాడు. 1567లో యుద్ధ ప్రభువుల పోరులో మళ్లీ కాలింది. ఈసారి బుద్ధుడు తరాల తరబడి ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఆరుబయట కూర్చున్నాడు. 1684లో కోకెయ్ అనే భిక్షువు అనుమతి తెచ్చుకుని జోలె పట్టాడు. 1692లో విగ్రహానికి మళ్లీ నేత్రోన్మీలనం, 1709లో హాలు ప్రారంభం జరిగాయి.

ఇంకొక్కటి చదువుకోండి. ఈ బుద్ధుడు శాక్యముని కాదు, వైరోచనుడు. జపనీయులు రుషానా అంటారు. ఈ గుడి కెగోన్ శాఖది, వాళ్లకు మూలగ్రంథం అవతంసక సూత్రం. ఆ సూత్రం చివరి భాగంలో సుధనుడనే కుర్రవాడు 53 మంది గురువుల కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. అతని ప్రయాణం మొదలయ్యేది దక్షిణాదిలోని ధన్యాకరంలో. దాన్ని చాలామంది పరిశోధకులు మన ధాన్యకటకంగా, అంటే అమరావతి-ధరణికోటగా గుర్తిస్తారు. అమరావతి స్తూపం చూసిన తెలుగువాళ్లకు తోదాయ్‌జి పరాయి గుడి కాదనిపించడానికి ఇంతకన్నా ఏం కావాలి!

చేరడం: ఏ స్టేషనులో దిగాలి?

నారాకు రెండు రైల్వే స్టేషన్లున్నాయి. దిగాల్సింది కిన్‌తెత్సు అనే ప్రైవేటు రైల్వే వాళ్ల నారా స్టేషనులో. అక్కడి నుంచి గుడికి 20 నిమిషాల నడక. జేఆర్ (జపాన్ రైల్వేస్) నారాలో దిగితే నడక దానికి రెట్టింపు, లేదా బస్సెక్కాలి. క్యోతో నుంచి కిన్‌తెత్సు స్పెషల్ ఎక్స్‌ప్రెస్ 35 నిమిషాలు పడుతుంది, దానికి టికెట్ మీద అదనపు రుసుముంటుంది. అదనపు రుసుము లేని ఎక్స్‌ప్రెస్ ఇంకో పావుగంట ఎక్కువ తీసుకుంటుంది. ఒసాకా నాంబా నుంచి సుమారు 40 నిమిషాలు.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. జేఆర్ పాస్ కిన్‌తెత్సు రైళ్లలో చెల్లదు. పాస్ ఉంది కదా అని గేటు దగ్గరికి వెళ్తే ఆపేస్తారు. పాస్ వాడుకోవాలనుకుంటే క్యోతో నుంచి జేఆర్ రైలులో 45 నిమిషాలకు జేఆర్ నారా చేరి, అక్కడ సిటీ బస్సెక్కండి. పెద్ద పెట్టెలుంటే స్టేషను లాకర్లో పడేయండి. గుడి దారి కంకర, మెట్లు, ఏటవాలు.

ఉదయం ఎనిమిదికల్లా పెద్ద ద్వారం దగ్గర ఉండేలా చూసుకోండి. మహాబుద్ధుడి హాలు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7:30కి, నవంబరు నుంచి మార్చి దాకా 8 గంటలకు తెరుస్తారు. పది దాటిందంటే బస్సుల కొద్దీ బడిపిల్లలు దిగుతారు. ఆ రద్దీలో తల పైకెత్తి నిలబడటానికే వీలుండదు.

సోమవారం నుంచి శుక్రవారం లోపు వెళ్లగలిగితే మరీ మంచిది. కారణం షోసోయిన్ అనే భాండాగారం దగ్గర చెబుతాను.

జింకలతో ఎలా మెలగాలి

దారిలో కనిపించే జింకలు పెంపుడువి కావు, అడవి జంతువులు. పక్కనే ఉన్న కసుగా దేవాలయపు దేవుడు తెల్లజింక మీద వచ్చాడని నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరూ పోరు. బిస్కెట్ల కట్ట 200 యెన్లు. కొన్న వెంటనే పెట్టేయాలి. చేతిలో పట్టుకుని ఊరిస్తే పొడుస్తాయి, చొక్కా కొరుకుతాయి. అయిపోయాక రెండు అరచేతులూ విప్పి చూపిస్తే చాలావరకు వదిలేస్తాయి. మే నుంచి జూలై వరకు పిల్లతల్లులు, శరదృతువులో మగజింకలు కోపంగా ఉంటాయి, దూరంగా నడవండి. మన తినుబండారాలు, అరటి తొక్కలు పెట్టకండి. ప్లాస్టిక్ సంచి గాని, కాగితం గాని బయటికి వేలాడకుండా సర్దుకోండి. మ్యాపు కాగితాన్ని కూడా లాక్కుని నమిలేస్తాయి. సంచి మింగిన జింక కడుపులో ప్లాస్టిక్ ఉండలు కట్టి చచ్చిపోతుంది. ఈ ఒక్క విషయంలో అజాగ్రత్త వద్దు.

మొదటి మజిలీ: నాందాయ్‌మోన్, 1199

దక్షిణ మహాద్వారం ఎత్తు 25 మీటర్ల పైనే. అందరూ దీన్ని దాటిపోతారు, మీరు మాత్రం నడిమధ్యన ఆగి తల పైకెత్తండి. కప్పు కింద సీలింగు లేదు, చూరు దాకా కొయ్యపని అంతా బయటికే కనిపిస్తుంది. స్తంభాలకు తొలిచి అడ్డదూలాలు దూర్చి బిగించారు. చోగెన్ సాంగ్ రాజ్యపు చైనా నుంచి తెచ్చిన పద్ధతి ఇది. తక్కువ రకాల ముక్కలతో త్వరగా, గట్టిగా లేపవచ్చు. దేశం యుద్ధాల్లో చితికిపోయిన కాలంలో ఇంత పెద్ద కట్టడం ఎలా సాధ్యమైందో ఆ దూలాలే చెబుతాయి.

ఇప్పుడు పక్కలకు చూడండి. ఎనిమిది మీటర్లకు పైగా ఎత్తున్న ఇద్దరు ద్వారపాలకులు. 1203లో ఉన్కెయ్, కాయ్‌కెయ్ అనే శిల్పులు, వారి బృందం 69 రోజుల్లో చెక్కి నిలబెట్టారు. ఎడమవైపున్నవాడు నోరు తెరిచి 'అ' అంటున్నాడు, కుడివైపున్నవాడు నోరు మూసి 'హూం' అంటున్నాడు. మన అక్షరమాల మొదలూ తుదీ. మిగతా గుళ్లలో సాధారణంగా 'అ'కారం కుడివైపున ఉంటుంది, ఇక్కడ తారుమారు. పైగా ఇద్దరూ దారివైపు కాకుండా ఎదురెదురుగా నిలబడ్డారు. 1988లో మొదలైన మరమ్మతుల్లో విగ్రహాల లోపల రాతప్రతులు దొరికాయి, ఎవరు ఏది చెక్కారో వాటితో తేలింది. జాలీ అడ్డం వల్ల ఫొటోలు సరిగా రావు. కళ్లతోనే చూడండి, కాస్త వెనక్కి జరిగి ఓరగా నిలబడితే ముఖం స్పష్టంగా కనిపిస్తుంది.

ద్వారం దాటాక వెనక్కి తిరగడం మరచిపోకండి. వెనుక గూళ్లలో రెండు రాతి సింహాలున్నాయి. 1196లో చైనా శిల్పులు చెక్కినవి.

రెండో మజిలీ: మహాబుద్ధుడి హాలు

మధ్య ద్వారం నుంచి నేరుగా లోపలికి వెళ్లనివ్వరు. ఎడమ పక్కకు వెళ్లి టికెట్ కొనాలి. పెద్దలకు 800 యెన్లు, చిల్లర నగదు దగ్గర ఉంచుకోండి. ధరలు, వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి, బయల్దేరే ముందు సరిచూసుకోండి.

హాలులోకి పరుగెత్తే ముందు ఎదురుగా ఉన్న ఎనిమిది పలకల కంచు దీపస్తంభం దగ్గర ఆగండి. రెండు మంటల్నీ ఓర్చుకున్న 8వ శతాబ్దపు వస్తువు ఇది. పలకల మీద వేణువు ఊదే బోధిసత్త్వుడు, సింహాలు ఉంటాయి. దీన్ని పట్టించుకోకుండా సాగిపోయేవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు హాలును చూడండి. వెడల్పు 57 మీటర్లు, ఎత్తు 49. ఇంత పెద్దది కూడా మొదటిదానితో పోలిస్తే చిన్నదే. అసలు హాలు సుమారు 86 మీటర్ల వెడల్పుండేది. కోకెయ్ పోగుచేసిన డబ్బు చాలక పదకొండు అంకణాలను ఏడుకు తగ్గించారు. లోతు, ఎత్తు మాత్రం దాదాపు అలాగే ఉంచారు. అందుకే ఎదుటినుంచి చూస్తే హాలు కొంచెం ఒదిగి నిలబడినట్టు ఉంటుంది.

పొగలు వచ్చే ధూపపాత్ర దగ్గర అగరుబత్తి వెలిగించి, లోపల దక్షిణ వేసి, చేతులు జోడించి తల వంచండి. చప్పట్లు కొట్టకూడదు. చప్పట్లు జపాన్ సొంత మతమైన షింతో దేవాలయాల పద్ధతి, ఇది బౌద్ధాలయం. గడప తొక్కకుండా దాటండి. ఈ హాల్లో చెప్పులు విప్పనక్కర్లేదు. ఫొటోలకు అభ్యంతరం లేదు, స్టాండు మాత్రం పెట్టకూడదు.

విగ్రహం ఎత్తు 14.98 మీటర్లు, ఒక్కో కన్ను వెడల్పు 1.02 మీటర్లు, చెవి పొడవు 2.54 మీటర్లు. పైకెత్తిన కుడిచేయి అభయముద్ర, ఒడిలో చాచిన ఎడమచేయి వరదముద్ర. మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇక రంగు గమనించండి. తల ఒక ఛాయ, ఛాతీ మరో ఛాయ, మోకాళ్ల దగ్గర ఇంకోటి. ఒకే విగ్రహంలో చాలా కాలాల పోత ఉంది. 855లో భూకంపానికి తల ఊడి పడింది, 1180 మంటకు కరిగింది, 1567 మంటకు మళ్లీ కరిగింది. మొదటి నాటి లోహం కాళ్ల భాగంలోనూ పద్మపీఠంలోనూ కొంత మిగిలింది.

ఎడమవైపు నుంచి చుట్టూ తిరగండి. బుద్ధుడు కుడివైపు ఉంటాడు, అచ్చం మన ప్రదక్షిణలాగే. తిరిగే దారిలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. ఎడమన ఆకాశగర్భ బోధిసత్త్వుడు. వెనుక మూలల్లో కవచాలు తొడిగిన ఇద్దరు దిక్పాలకులు. కుంచె, కాగితపు చుట్ట పట్టుకున్నవాడు విరూపాక్షుడు, రెండోవాడు వైశ్రవణుడు, అంటే మన కుబేరుడు. మిగతా ఇద్దరివి తలలు మాత్రమే నేల మీద ఉంచారు, మొండేలు పూర్తి కాలేదు. డబ్బు ఎక్కడ ఆగిపోయిందో ఆ తలలు చూపిస్తాయి. పద్మం రేకు నమూనా ఒకటి అందుబాటు ఎత్తులో పెట్టారు, దాని మీద గీతలు దగ్గరగా చూడండి. పైన బోధిస్తున్న బుద్ధుడు, మధ్యన వరుసలుగా స్వర్గాలు, అడుగున మేరు పర్వతాలున్న లోకాలు. ఒక్కో రేకులో ఒక్కో విశ్వం అన్నమాట.

వెనుక భాగంలో పాత ఆలయపు నమూనా ఉంది. అందులో హాలుకు రెండు పక్కలా ఏడంతస్తుల గోపురాలు కనిపిస్తాయి. ఇప్పుడు రెండూ లేవు.

స్తంభాలను తప్పక పరిశీలించండి. ఒక్కటీ ఒంటి మాను కాదు. నడుమ ఒక దుంగ నిలబెట్టి, చుట్టూ చెక్కలు పేర్చి, ఇనుప పట్టీలు బిగించారు. మూడోసారి కట్టేనాటికి అంత లావు చెట్లు దొరకలేదు. ఈశాన్య స్తంభం అడుగున ఒక రంధ్రం ఉంది, బుద్ధుడి నాసికా రంధ్రం అంత అంటారు, దాంట్లోంచి దూరితే మంచిదని నమ్మకం. మనకు ఈశాన్యం దేవుడి మూల. జపాన్‌లో అది దుష్టశక్తులు వచ్చే దిక్కు, ఆ మూల స్తంభానికే బెజ్జం పెట్టడానికి కారణంగా చెప్పేది అదే. పిల్లలు సులువుగా దూరతారు. పెద్దవాళ్లు భుజాలు ఇరుక్కుని అవస్థపడతారు. రెండు చేతులూ తలమీదుగా ముందుకు చాచి, ఓరగా దూరితేనే సాధ్యం. సిబ్బంది వద్దంటే మారు మాట్లాడకండి.

బయటికి వచ్చాక గుమ్మం పక్కన ఎర్రవస్త్రం కప్పుకున్న కొయ్య విగ్రహం బుద్ధుడి శిష్యుడు పిండోల భరద్వాజుడిది. మీకు ఎక్కడ నొప్పి ఉంటే విగ్రహాన్ని అక్కడ తాకి, తర్వాత మీ ఒంటిని తాకుతారు.

మూడో మజిలీ: కొండవాలు

తూర్పుకు మెట్లెక్కండి. దారిలో 752 నాటి పెద్ద గంట, బరువు 26 టన్నుల పైనే. ఆ పైన నిగత్సుదో. దీని పేరుకు 'రెండో నెల మందిరం' అని అర్థం. ఇప్పటి కట్టడం 1669 నాటిది. టికెట్ లేదు, వరండాలోంచి నారా అంతా కనిపిస్తుంది. 752 నుంచి ఒక్క ఏడాదైనా తప్పకుండా ఇక్కడ వ్రతం జరుగుతోంది. గుడి రెండుసార్లు కాలినా ఇది ఆగలేదు. మార్చి 1 నుంచి 14 దాకా ప్రతి సాయంత్రం పెద్ద పెద్ద కాగడాలను వరండా వెంట పరుగెత్తిస్తారు, నిప్పురవ్వలు మీద పడితే శుభమంటారు. 12వ తేదీన కాగడాలు మరీ పెద్దవి, ఆ రోజు జనం కిక్కిరిసి దగ్గరకు వెళ్లలేరు. చూడాలంటే మొదటి వారంలో వెళ్లండి. నైలాను జాకెట్టు వేసుకోకండి, రవ్వ పడితే కాలి బెజ్జం పడుతుంది.

పక్కనే హొక్కెదో. ఈ ప్రాంగణంలో అన్నిటికంటే పాత కట్టడం, 8వ శతాబ్దానిది. 800 యెన్లు, సాయంత్రం 4 గంటలకే మూసేస్తారు. బుద్ధుడి దగ్గరే మధ్యాహ్నం దాకా గడిపి దీన్ని పోగొట్టుకునేవాళ్లు ఎందరో. లోపల ఫొటోలు నిషేధం. మధ్యలో ఎనిమిది చేతుల అమోఘపాశ అవలోకితేశ్వరుడు, నుదుట మూడో కన్ను, ఎత్తు 3.62 మీటర్లు. గుడ్డ మీద లక్క పూతలు పొరలు పొరలుగా వేసి చేసిన విగ్రహం. ఇరువైపులా ఉన్న బ్రహ్మ, ఇంద్రులను జపనీయులు బోన్‌తెన్, తాయ్‌షకుతెన్ అంటారు. చీకటికి కళ్లు అలవాటు పడటానికే అయిదు నిమిషాలు పడుతుంది. కూర్చోండి. మహాబుద్ధుడి హాలులో దొరకని నిశ్శబ్దం ఇక్కడ దొరుకుతుంది. ఒక్క హాలుకే సమయముంటే మహాబుద్ధుడిని చూడండి, రెండింటికి ఉంటే మిగిలిన సమయమంతా దీనికివ్వండి.

నాలుగో మజిలీ: షోసోయిన్

నిగత్సుదో వెనుక రాళ్లు పరిచిన వాలుదారిలో దిగి, మహాబుద్ధుడి హాలు వెనుకగా పడమరకు నడవండి. కాలిపోయిన ఉపన్యాస మందిరపు పునాదిరాళ్లు గడ్డిలో వరుసగా కనిపిస్తాయి. కొంచెం ముందుకు వెళ్తే షోసోయిన్ భాండాగారం. 756లో షోము చనిపోయాక రాణి కోమ్యో ఆయన వస్తువులను ఆలయానికి సమర్పించింది. అవి ఇందులో దాచారు. ఇందాక చెప్పిన నేత్రోన్మీలనపు తాడు, కుంచె ఈ భాండాగారానివే. 1185లో చోగెన్ కాలంలో మళ్లీ జరిగిన నేత్రోన్మీలనానికి మాజీ చక్రవర్తి గోషిరకావా ఇందులోంచి అదే కుంచె తీయించి వాడాడు. అయిదు తంతుల వీణ కూడా ఉంది, ఆ రకం వాద్యం పుట్టింది మన దేశంలో.

మూడు పలకల దుంగలు పేర్చిన గోడలు చూడండి. తేమకు దుంగలు ఉబ్బి, ఎండకు సందులు విడి గాలి ఆడేదని చాలాకాలం చెప్పుకున్నారు. కప్పు బరువు కింద దుంగలు అలా కదలవని తర్వాత తేలింది. వస్తువులను కాపాడినవి నేలకు ఎత్తుగా కట్టిన అరుగు, లోపలి దేవదారు పెట్టెలు. బయటినుంచే చూడాలి, ఉచితం, సోమవారం నుంచి శుక్రవారం వరకు 10 నుంచి 3 గంటల దాకా. శని, ఆదివారాల్లో వెళ్తే గేటు మూసి ఉంటుంది. వస్తువులు చూడాలంటే అక్టోబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా నారా జాతీయ మ్యూజియంలో జరిగే ప్రదర్శనకు వెళ్లండి. టికెట్ ముందే తీసుకోండి.

తిండి, ముద్ర

శాకాహారులకు ఒక హెచ్చరిక. కూరగాయల నూడిల్స్ అన్నా, ఉత్త తోఫూ అన్నా, పులుసు సాధారణంగా ఎండుచేప రసంతో కాస్తారు, దాన్ని దాషి అంటారు. చేప ముక్క కనిపించకపోతే చాలదు, "దాషి ఉందా?" అని అడగాలి. నారా ప్రత్యేకమైన ఆకు సుషీలో చేప ఉంటుంది. వరాబి మోచి అనే మెత్తని మిఠాయి నిశ్చింతగా తినవచ్చు. పులిహోర పొట్లం కట్టుకొస్తే జింకలున్న చోట విప్పకండి.

గుడి గుర్తుగా కుంచెతో రాసి ఇచ్చే ముద్ర కావాలంటే దానికోసం అమ్మే ప్రత్యేక పుస్తకం ఉండాలి, మామూలు నోట్‌బుక్కు మీద వేయరు. పుస్తకం తెరిచి, ఖాళీ పేజీ చూపించి ఇవ్వండి. రాస్తున్నప్పుడు ఫొటో తీయకండి.

తిరిగి వెళ్లేటప్పుడు షోసోయిన్ నుంచి పడమర రోడ్డు మీద తెంగాయ్‌మోన్ ద్వారం గుండా బయటికి రండి. 8వ శతాబ్దంలో కట్టింది, 1180 మంటా 1567 మంటా దీన్ని ముట్టలేదు. టికెట్ లేదు, జనం లేరు. మంటలను తప్పించుకున్న ఆ 8వ శతాబ్దపు చెక్క స్తంభాలు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఇక్కడే ఉన్నాయి. అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే కిన్‌తెత్సు నారా స్టేషను సుమారు 20 నిమిషాలు.